జబ్బు పడితే చూసేదెవరు?

సంఘ జీవనం మీద ఒక పాఠం



గుడివాడ దగ్గర ఒక పేటలో మన ఉపాసిక ఒకావిడ ఉంది. అరవై దాటిన మనిషి. పౌర్ణమి వందనకి అందరికంటే ముందొచ్చి చాపలు పరిచేది ఆవిడే. పోయిన వానాకాలం జ్వరం ముదిరి బందరులో ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. ఆ సంగతి మన వాట్సాప్ గ్రూపులో పెట్టగానే అరవై మందికి పైగా దండాల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. అమ్మ త్వరగా కోలుకోవాలని ఒక వాక్యం కూడా రాశాను. ఆవిడ తిరిగొచ్చాక వందనలో కలిసి పలకరిస్తే ఒకటే మాటంది: "గ్రూపులో అందరూ దండాలు పెట్టారంట నాయనా, మనవరాలు చూపించింది. క్యారేజీ మాత్రం ఎవరూ తేలా."

నవ్వుతూనే అంది. వందన అయిపోయాక మేం నలుగురం ఆ హాల్లోనే కూర్చుండిపోయాం. మనం చెడ్డవాళ్ళమా? ఆ అరవై మందిలో ఎవర్ని విడిగా అడిగినా "అయ్యో, నేను వెళ్ళేవాణ్ణి కదా" అంటారు. అది అబద్ధం కూడా కాదు. గుడివాడ నుంచి బందరుకి బస్సుంది, రైలుంది. మరి ఎవరూ ఎందుకు వెళ్ళలేదు?

మైత్రి, కరుణ అనే మాటలు మనం ప్రతి వందనలో పలుకుతాం. అవి మనసులో ఉన్నంత మాత్రాన చేతిలోకి క్యారేజీ రాదు. మధ్యలో ఒక ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు బుద్ధుడు ఎలా చేశాడో, మనుషుల నడవడికను పరీక్షించి చూసే శాస్త్రజ్ఞులు ఏం తేల్చారో, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. శాస్త్రం మాటెత్తితే అది మనకి పరాయిది అనుకోవద్దు. బాబాసాహెబ్ 'భారతదేశంలో కులాలు' అనే వ్యాసం చదివింది 1916 మే 9న, కొలంబియా విశ్వవిద్యాలయంలో, మానవశాస్త్ర సదస్సులో. కులాన్ని ఆయన ముందు తిట్టలేదు. అది ఎట్లా పని చేస్తుందో విప్పి చూపించారు.

వినయ పిటకంలో ఒక సంగతుంది. బుద్ధుడు, ఆనందుడు భిక్షువుల గదులు చూస్తూ వెళ్తుంటే విరేచనాలతో పడి ఉన్న ఒక భిక్షువు కనిపించాడు. తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. నిన్ను చూసేవాళ్ళు లేరా అని బుద్ధుడు అడిగితే లేరన్నాడు. ఎందుకు లేరంటే ఆయన చెప్పిన కారణం మనం గుర్తుపెట్టుకోవాలి: నేను వాళ్ళకి ఏ పనికీ సాయపడను, అందుకే వాళ్ళు నన్ను చూడరు అన్నాడు. బుద్ధుడు నీళ్ళు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులందరినీ పిలిచి చెప్పాడు. మీకిక్కడ అమ్మా నాన్నా లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకున్నవాడు రోగికి సేవ చేయాలి అన్నది ఆ మాటల సారం.

ఈ కథ మనలో చాలామందికి తెలుసు. ఉపన్యాసాల్లో ఇక్కడితో ఆపేసి చప్పట్లు కొట్టిస్తాం. కానీ అసలు సంగతి ఆ తర్వాత ఉంది. బుద్ధుడు మాట చెప్పి ఊరుకోలేదు, వరస పెట్టాడు. జబ్బు పడిన భిక్షువుకి ఉపాధ్యాయుడు ఉంటే కోలుకునేదాకా ఆయన చూడాలి. ఆయన లేకపోతే ఆచార్యుడు. ఆయనా లేకపోతే శిష్యుడు, తోటివాడు. ఎవరూ లేకపోతే సంఘం మొత్తం చూడాలి. చూడకపోతే అది దోషం. రోగిని చూసేవాడికి ఏ గుణాలుండాలో చెప్పాడు. రోగి కూడా ఎట్లా నడుచుకుంటే చూసేవాళ్ళకి తేలికవుతుందో చెప్పాడు. ఒక భిక్షువు చనిపోతే అతని భిక్షాపాత్ర, చీవరం అతనికి సేవ చేసిన వాళ్ళకి సంఘం తరఫున ఇవ్వాలన్నాడు. అంటే సేవ చేసినవాడెవరో సంఘం గుర్తించి, అందరి ముందూ ఒప్పుకునే పద్ధతి అన్నమాట.

ఇప్పుడు 1968లోకి వద్దాం. అమెరికాలో జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష చేశారు. విద్యార్థుల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడించారు. మధ్యలో ఒకడు మూర్ఛ వచ్చినట్టు గిలగిల్లాడి సాయం కోసం అరుస్తాడు. ఆ కేక తనొక్కడికే వినపడింది అనుకున్నవాళ్ళలో నూటికి 85 మంది అతను అరుస్తుండగానే లేచి బయటికొచ్చారు. తనతో పాటు ఇంకో నలుగురు కూడా వింటున్నారు అనుకున్నవాళ్ళలో అలా వచ్చింది 31 మందే. రానివాళ్ళు రాతిగుండెవాళ్ళేమీ కాదు. వాళ్ళ చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. ఇంకెవరైనా వెళ్ళి ఉంటార్లే అన్న ఆలోచన వాళ్ళ కాళ్ళని కట్టేసింది.

నలుగురుంటేనే అట్లా అయితే అరవై మంది ఉన్న వాట్సాప్ గ్రూపు సంగతేమిటి? అందరికీ చెప్పిన పని ఎవరికీ చెప్పనట్టే. వినయంలో ఉన్న వరస ఈ జబ్బుకే మందు. ముందు నువ్వు, నువ్వు లేకపోతే నువ్వు. పేరు పెట్టి చెప్పడం. పీటర్ గోల్‌విట్జర్ అనే ఆయన తర్వాతి కాలంలో చేసిన పరిశోధనలూ ఇదే దారిలో ఉన్నాయి. ఒక మంచి పని చేద్దామనుకోవడం వేరు, ఏ రోజు, ఏ పూట, ఎక్కడ చేస్తానో ముందే అనుకోవడం వేరు. రెండో రకంలో ఆ పని జరిగే అవకాశం బాగా పెరుగుతుంది.

రెండో సంగతి చందా. ఇది మన సంఘాల్ని ఎక్కువగా చీల్చే సంగతి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మా పేటలో ఒకప్పుడు నెలకి యాభై రూపాయల ఆపద నిధి పెట్టాం. మొదటి నెల నలభై ఇళ్ళు ఇచ్చాయి. ఏడో నెలకి తొమ్మిది ఇళ్ళు. ఎనిమిదో నెల నేనూ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదంటే పక్కింటాయన ఇవ్వడం లేదు కాబట్టి. ఆయన్ని అడిగితే నన్నే చూపించేవాడేమో. అప్పుడు మనోళ్ళకి ఐకమత్యం లేదని నిట్టూర్చి వదిలేశాం. ఆ మాట మనకి చిన్నప్పటి నుంచీ ఎవరో ఒకరు నూరిపోసిందే, మనమూ నమ్మేశాం.

ఎర్నెస్ట్ ఫెర్, సైమన్ గాఖ్టర్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు 2000లో ప్రచురించిన ఒక పరీక్ష చదివాక నాకు కొంత ఊరట కలిగింది. నలుగురేసి మనుషుల్ని కూర్చోబెట్టి, తలా కొంత డబ్బు ఇచ్చి, ఉమ్మడి డబ్బాలో ఎంత వేస్తారో వేయమన్నారు. డబ్బాలో పడింది పెరిగి అందరికీ సమానంగా తిరిగొస్తుంది. ఇట్లా పది వంతులు. ఆ మనుషులు చదువుకున్న యూరపు విద్యార్థులు, మన పేటవాళ్ళు కాదు. మొదట్లో ఓ మాదిరిగా బాగానే వేశారు. పదో వంతుకి చాలామంది సున్నా. అచ్చం మా ఆపద నిధే! అందులో పక్కా స్వార్థపరులు కొద్దిమందే. ఎక్కువమంది "వాళ్ళు వేస్తే నేనూ వేస్తాను" అనేవాళ్ళు. ఎగ్గొట్టేవాణ్ణి చూసి, మోసపోతున్నాం అనుకుని చెయ్యి ముడుచుకుంటారు. అదే ఆటలో ఎగ్గొట్టినవాడికి తమ సొంత డబ్బు కొంచెం ఖర్చుపెట్టి అయినా జరిమానా వేసే వీలు ఇచ్చేసరికి డబ్బా మళ్ళీ నిండింది.

జరిమానా అనగానే కొందరు ఉత్సాహపడతారు. ఆగాలి. 2008లో ఇదే ఆటని 16 నగరాల్లో ఆడించినప్పుడు కొన్నిచోట్ల ఎక్కువ వేసినవాళ్ళకే జరిమానాలు పడ్డాయి. వీడికెందుకీ పెద్దమనిషి వేషాలు అన్నట్టు. ఇది మనకి తెలియని బుద్ధి కాదు.

మరి గుంపులు కలిసి ఎట్లా నిలబడతాయి? ఈ ప్రశ్న మీద జీవితమంతా పనిచేసిన మనిషి ఎలినార్ ఆస్ట్రమ్. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి తీసుకున్న మొదటి మహిళ. చెరువులు, అడవులు, చేపల రేవులు, కాలువలు ఉమ్మడిగా కాపాడుకుంటున్న జనాల్ని ప్రపంచమంతా పరిశీలించి 1990లో ఒక పుస్తకం రాసింది. ఎక్కువకాలం నిలబడిన చోట్ల కొన్ని సంగతులు మళ్ళీ మళ్ళీ కనపడ్డాయి. ఎవరు సభ్యులో తెలుసు. పెట్టేదానికీ పొందేదానికీ పొంతన ఉంటుంది. నియమం ఎవరి మీద నడుస్తుందో వాళ్ళే ఆ నియమాన్ని మార్చగలరు. లెక్క అందరికీ కనపడుతుంది. తప్పుచేస్తే మొదట చిన్న మందలింపు, మళ్ళీ చేస్తేనే పెద్దది. గొడవ వస్తే దగ్గర్లో, ఖర్చు లేకుండా తీర్చుకునే చోటుంది.

వినయం చదివినవాళ్ళకి ఇవి కొత్తగా అనిపించవు. చిన్న దోషమైతే తోటి భిక్షువు ముందు ఒప్పుకుంటే చాలు, అన్నిటికంటే పెద్ద దోషానికే సంఘం నుంచి బయటికి. పదిహేను రోజులకోసారి ఉపోసథం నాడు కూర్చుని నియమాలన్నీ పైకి చదువుకోవాలి. గొడవలు తీర్చడానికి ఏడు పద్ధతులు చెప్పారు. వాటిలో మొదటిది, ఎవరి మీద ఆరోపణో వాళ్ళు ఎదురుగా ఉండగానే విచారించడం. ఈ ఒక్కటి పాటించినా మన ఊళ్ళలో ఏప్రిల్ 14న ఒకే సెంటర్లో రెండు పందిళ్ళు పడవు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ భిక్షు సంఘాలకి పార్లమెంటు పద్ధతులన్నీ తెలుసని చెప్పింది ఊరికే కాదు.

ఇక్కడ మన ఆంధ్రలోనే జరిగిన ఒక పరిశోధన చెప్పాలి. రాబర్ట్ వేడ్ అనే ఆయన కర్నూలు జిల్లాలో కాలువ కింద ఉన్న 31 ఊళ్ళు తిరిగి 1988లో పుస్తకం వేశాడు. కొన్ని ఊళ్ళలో ఊరి కమిటీ, ఉమ్మడి నిధి, పంట కాపలా మనుషులు, వంతుల ప్రకారం పొలాలకి నీరు పెట్టే మనుషులు ఉన్నారు. పక్క ఊళ్ళో అవేమీ లేవు. తేడా ఎక్కడంటే కాలువలో. ఎగువన నీరు పుష్కలంగా ఉన్న ఊళ్ళకి కలవాల్సిన అవసరం రాలేదు. చివరి ఊళ్ళకి వచ్చింది. శివారు భూమి అంటే ఏమిటో దివిసీమ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పులిగడ్డ అక్విడక్టు దాటి నాగాయలంక, కోడూరు వైపు చేరేసరికి ఎంత మిగులుతుందో అక్కడి రైతుకి, కౌలుదారుకి తెలుసు. కష్టం ఉన్నచోటే జనం కలుస్తారు, కలిసి కట్టుబాట్లు పెట్టుకుంటారు. ఐకమత్యం ఒకరి రక్తంలో ఉండి ఇంకొకరి రక్తంలో లేకపోవడం వల్ల కాదు.

అయితే ఆ ఊరి కమిటీల్లో కూర్చున్నది భూమి ఉన్న ఆసాములు. పరిశోధకులు ఏ పేరు పెట్టినా మనం ఇక్కడొక ప్రశ్న వేసుకోవాలి. సహకారం అనగానే మంచిదేనా? కులం కూడా ఒక సహకారమే. మనల్ని వెలి వేసినప్పుడు ఊళ్ళో ఎంత ఐకమత్యం కావాలో ఆలోచించండి. ఒక్కరు కూడా పని ఇవ్వకూడదు, ఒక్క కొట్టువాడు కూడా ఉప్పు అమ్మకూడదు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళని చంపడానికి ముందు నడిచింది ఆ వెలివేతే. బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో చెప్పిందిదే. కులం లోపల సానుభూతి ఉంటుంది, దానం ఉంటుంది, అవన్నీ కులం గోడ దగ్గర ఆగిపోతాయి. అందుకే ఆయన మైత్రి అన్నారు. మైత్రికి గోడ ఉండదు, అది మనుషుల దగ్గర కూడా ఆగదు, సమస్త జీవులకీ వెళ్తుంది. ఆస్ట్రమ్ చెప్పిన నియమాలన్నీ ఒక కుల సంఘం కూడా చక్కగా పాటించగలదు. సమానత్వం ఆ నియమాల్లోంచి దానంతటది పుట్టదు, మనమే పెట్టాలి.

ఇంకో పరీక్ష చెప్తాను. వినడానికి బాధగా ఉంటుంది. కార్లా హాఫ్, మయూరేశ్ క్షేత్రమాడే, ఎర్నెస్ట్ ఫెర్ ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో చేసింది, 2011లో అచ్చయింది. ఒకడు నమ్మి డబ్బిస్తాడు, రెండోవాడు మోసం చేస్తాడు. చూస్తున్న మూడోవాడు తన డబ్బు కొంత వదులుకుంటే మోసం చేసినవాడికి శిక్ష వేయొచ్చు. పై కులాలవాళ్ళు ఆ ఖర్చుకి ముందుకొచ్చారు. కింది కులాలవాళ్ళు చాలా తక్కువగా వచ్చారు. మోసపోయింది తమవాడే అయినా. ఆస్తి, చదువు తేడాలు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. ఇది పుట్టుకతో వచ్చిన పిరికితనం అనేవాళ్ళని నమ్మొద్దు. నోరెత్తితే దెబ్బలు, నోరెత్తితే కూలి పోవడం, ఇట్లా తరతరాలు నేర్పితే మనిషి తనవాడి కోసం నిలబడటం మానేస్తాడు. నేర్పితే వచ్చింది నేర్చుకుంటే పోతుంది. పెద్ద ఘోరం జరిగిన రోజున మనం రోడ్డు మీదికి వస్తాం, అది మనకి వచ్చు. మామూలు మంగళవారం నాడు ఒకరి కోసం ఒకరు నిలబడటం ఇంకా రావాలి.

మన గోడల సంగతి కూడా చూసుకోవాలి. ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుంది. మన వందనలకి మాల పేట నుంచి వచ్చేవాళ్ళెంతమంది, మాదిగ పేట నుంచి వచ్చేవాళ్ళెంతమంది? వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ వేడి ఇంకా తగ్గలేదు. దాన్ని ఇందులోకి తేను. త్రిశరణాలు తీసుకున్నవాళ్ళం రెండు పేటల మధ్య రోడ్డు దాటుతున్నామా లేదా అన్నదే నేనడిగేది. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన రాతిపలక ఇచ్చినవాళ్ళలో విధికుడు అనే చర్మకారుడున్నాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో, బంధుమిత్రులతో కలిసి ఇచ్చానని శాసనంలో రాయించుకున్నాడు. తన వృత్తిని దాచుకోలేదు. మన ఘంటసాల మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం కట్టించింది బోధిసిరి అనే ఉపాసిక, ఆ సంగతి నాగార్జునకొండ శాసనంలో ఉంది. కృష్ణకి అవతలి ఒడ్డున భట్టిప్రోలు ధాతు పేటికల మీద 'గోఠి' సభ్యుల పేర్లు వరసగా చెక్కారు. గోఠి అంటే గోష్ఠి, అంటే కమిటీ. రెండు వేల ఏళ్ళ కిందటే ఈ డెల్టాలో చందా ఇచ్చినవాడి పేరు అందరికీ కనపడేట్టు రాసేవాళ్ళు.

గోడ ఎట్లా కూలుతుంది? కలిసి భోంచేస్తే చాలు అనుకుంటాం. గోరా గారు ఇక్కడే ముదునూరులో ప్రతి పౌర్ణమికీ అన్ని కులాలవాళ్ళతో సహపంక్తి భోజనాలు పెట్టించారు. ఆ రోజుల్లో అది సామాన్యమైన ధైర్యం కాదు. కానీ 1954లో ముజఫర్ షెరీఫ్ అమెరికాలో 22 మంది పిల్లల్ని రెండు జట్లు చేసి పోటీ పెడితే వాళ్ళు శత్రువులైపోయారు. తర్వాత కలిపి భోజనానికి కూర్చోబెడితే ఒకళ్ళ మీద ఒకళ్ళు అన్నం విసురుకున్నారు. శిబిరానికి నీళ్ళు ఆగిపోయి, రెండు జట్లూ కలిసి వెతికితే తప్ప రానప్పుడు, అట్లాంటి పనులు వరసగా కొన్ని పడ్డాక, మెత్తబడ్డారు. ఉమ్మడి పని కావాలి, అదీ ఒక్కసారి సరిపోదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో, బందరు తీరంలో సుమారు పదివేల మంది పోయారు. బతికినవాళ్ళు కులం చూడకుండా ఒకే డాబా మీద రాత్రంతా ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని కూర్చున్నారని మా నాయనమ్మ చెప్పేది. "మరి తర్వాత?" అంటే, "నీళ్ళు తీశాయి, ఎవరి బావి వాళ్ళదైంది" అనేది.

సరే, మేం ఏం చేశామో చెప్తాను. గొప్పగా ఏమీ చెయ్యలేదు. హాల్లో నల్లబల్ల మీద ప్రతి వారానికీ ఇద్దరి పేర్లు రాశాం. ఆ వారంలో ఎవరు ఆసుపత్రిలో ఉన్నా మొదటి బాధ్యత ఆ ఇద్దరిది. వాళ్ళకి కుదరకపోతే తమ బదులు ఎవరు వెళ్తారో వాళ్ళే చూడాలి. గ్రూపులో దండాల బొమ్మలు ఆపలేదు గానీ, "ఈ పూట నేను వెళ్తున్నా" అని ఎవరైనా రాసేదాకా ఆ ఇద్దరికీ ఫోన్లు వెళ్తాయి. ఆపద నిధి మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి ఇరవై రూపాయలే. ఎంతో తేల్చింది కమిటీ కాదు, ఇచ్చేవాళ్ళే. ఎవరిచ్చారో, ఎవరికెంత వెళ్ళిందో పౌర్ణమి నాడు పైకి చదువుతాం. ఇవ్వనివాళ్ళ పేర్లు చదవం. ఒకరు ఇంటికెళ్ళి కష్టమేమన్నా వచ్చిందా అని అడుగుతారు. రెండు ఇళ్ళలో నిజంగానే వచ్చింది. వాళ్ళకి నిధి నుంచే ఇచ్చాం.

మూడు నెలలు బాగా నడిచింది. నాట్లప్పుడు తప్పింది. అందరూ చేలో ఉంటే క్యారేజీ ఎవరు పట్టుకెళ్తారు? అప్పుడు కూర్చుని, పనుల రోజుల్లో పేర్లు ముసలివాళ్ళవీ కాలేజీ పిల్లలవీ ఉండాలని మార్చుకున్నాం. మీ ఊళ్ళో వేరే ఇబ్బందులు వస్తాయి. రొయ్యల చెరువుల కాపలా, బందరు రేవు పని, గల్ఫుకి వెళ్ళిన కొడుకులు. మా నియమాలు మీరు దింపుకోవద్దు. వచ్చే పౌర్ణమికి వందన అయ్యాక అరగంట కూర్చుని, పోయిన ఏడాదిలో మీ పేటలో ఎవరెవరు మంచం పట్టారో, ఎవరెళ్ళి చూశారో రాసుకుంటే అక్కడి నుంచి మొదలవుతుంది. ఆ కాగితం చూస్తే సిగ్గేస్తుంది. మాకూ వేసింది.

చాపలు పరిచే ఆ ఉపాసిక నల్లబల్ల మీద తన పేరు రెండు వారాలకి రాయించుకుంది. "నాకు చదువు రాదు, జావ కాయడం వచ్చు" అంది. ఈమధ్య రోడ్డవతల మాదిగ పేటలో ఒక పెద్దాయన పక్షవాతంతో పడిపోయాడు. ఆయన పేరు మన లెక్కలో లేదు. మన సభ్యుడు కాదు కదా అని ఒకరన్నారు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా జావ గిన్నె తీసుకుని రోడ్డు దాటింది. మర్నాడు ఆయన పేరు బల్ల మీద రాశాం. ఆయన మన వందనకి ఇంతవరకు రాలేదు, వస్తాడో రాడో తెలీదు. క్యారేజీ మాత్రం మంగళవారం, శుక్రవారం వెళ్తోంది.